యార్డులో పెద్దవాణ్ణి, ఇక్కడ దారి అడగలేనివాణ్ణి

ఉత్తరం రాసినవారిది గుంటూరు. వయసు 47. పల్నాడు పల్లెలో పుట్టి, పదో తరగతి కాగానే మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తాగా చేరారు. ఇప్పుడు ఒక ఎగుమతి వ్యాపారి దగ్గర సరుకు నాణ్యత చూసే బాధ్యత ఆయనది. టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చేయి పెట్టి తీస్తే తేమ ఎంతో, తాలు (రంగు పోయిన కాయ) ఎంతో చెప్పగలరు. తేజ రకం ఏ ఊరి కళ్ళంలో ఆరిందో వాసన చూసి పోల్చగలరు.

నిరుడు చైనాకు పంపిన కంటైనర్లలో కొన్నింటికి అక్కడి కొనుగోలుదారు తేమ ఎక్కువని, రంగు తగ్గిందని ధర కోశాడట. ఈసారి సరుకు దిగేటప్పుడు మన మనిషి దగ్గరుండాలని యజమాని ఈయన్ను రెండు నెలలకు పంపారు. చేరి మూడు వారాలైంది. ఉండేది చింగ్‌దావ్ నగర పరిధిలోని జియావ్‌జౌలో, ఒక హోటల్లో. పొద్దున కారు వస్తుంది, గోదాముకు వెళ్తారు, సాయంత్రం అదే కారులో తిరిగి గదికి. అనువాదం చేసే అమ్మాయి వారానికి మూడు రోజులే వస్తుంది, ఆమె కూడా కొనుగోలుదారు తరఫు మనిషే.

రెండో ఆదివారం ధైర్యం చేసి మెట్రో ఎక్కి సముద్రం చూడడానికి వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు ఫోను ఆగిపోయింది. టిక్కెట్టు అందులోనే, డబ్బు అందులోనే, హోటల్ పేరు అందులోనే. రెండు గంటలు చలిలో తిరిగి, చివరికి ఒక టీ కొట్టు పిల్ల ఫోను ఛార్జింగ్ పెట్టి ఇస్తే, అక్కడే కూర్చుని ఏడ్చానని రాశారు. ఆ రోజు నుంచి గోదాము తప్ప ఎక్కడికీ వెళ్ళడం లేదు. ఉడికించిన గుడ్లు, బిస్కెట్లు, ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడి, అవే తిండి. రాత్రి మూడు దాటితే గాని నిద్ర లేదు. బీపీ మాత్రలు వేళ తప్పుతున్నాయి. భార్యకు మాత్రం అంతా బాగుందని చెప్పి, కిటికీలోంచి తీసిన ఫోటోలు పంపుతున్నారు. వారం క్రితం ఆమె ‘ఎందుకలా చిక్కిపోయారు?’ అని అడిగినప్పటి నుంచి వీడియో కూడా ఆపేశారు. కొడుకు ఇంజినీరింగ్ ఫీజుకు యజమాని సాయం చేశారు కాబట్టి మధ్యలో వస్తాననడానికి నోరు రావడం లేదు. ‘నేను తిరిగి వచ్చేయాలా? ఈ వయసులో ఇంత పిరికివాణ్ణి ఎందుకయ్యాను?’ అని అడిగారు.

తమ్ముడూ,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడే ఒక మాట దగ్గర ఆగిపోయాను. బీపీ మాత్రలు. మిగిలినదంతా ఆలోచించి, వాయిదా వేసి, అటూ ఇటూ తేల్చుకోవచ్చు. ఇది వాయిదా వేసేది కాదు. కాబట్టి దాంతోనే మొదలుపెడుతున్నాను.

చైనా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. మీరు మూడింటికి పడుకుని ఏడింటికి లేస్తుంటే, ఒంటికి ఏది పొద్దో ఏది రాత్రో తెలియడం లేదు, మాత్ర కూడా అందుకే జారిపోతోంది. రేపటి నుంచి దాన్ని నిద్రకు ముడిపెట్టకండి, కారు రావడానికి ముడిపెట్టండి. కారు ఎక్కేలోపు మాత్ర పడాలి. మిగిలిన మాత్రలు ఈ రాత్రే లెక్కపెట్టండి. రెండు నెలలకు చాలకపోతే ఇప్పుడే తెలియాలి. గుంటూరులో మీకు మందు రాసే డాక్టరుకు ఫోను చేసి, నిద్ర లేదని, మధ్యలో మాత్రలు తప్పాయని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తలనొప్పి ఎక్కువైనా, గుండెల్లో పట్టేసినట్టున్నా తెల్లారేదాకా ఆగకండి, హోటల్ కింద కూర్చునే వాళ్ళకు చెప్పండి. అక్కడ అంబులెన్సుకు నంబరు 120. పోలీసులకు 110. ఈ రెండూ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, ఫోనులో కాదు.

ఫోనులో కాదని ఎందుకంటున్నానో మీకు బాగా తెలుసు. ఆ ఆదివారం జరిగిన దాన్ని మీరు మీ పిరికితనం లెక్కలో రాసుకున్నారు. నాకు అలా కనిపించలేదు. మనకు ఊళ్ళో డబ్బు జేబులో ఉంటుంది, దారి కళ్ళలో ఉంటుంది, మాట నోట్లో ఉంటుంది, టిక్కెట్టు చేతిలో ఉంటుంది. అక్కడ ఈ నాలుగూ ఒకే వస్తువులో చేరాయి. అది ఆగిపోతే ఎంతటివాడైనా చీకట్లో నిలబడతాడు. పాతికేళ్ళ కుర్రవాడైనా అంతే. మీరు భయపడింది సరైన దానికే. చేయాల్సిందల్లా ఆ నాలుగింటినీ మళ్ళీ విడదీయడం.

హోటల్ పేరు, చిరునామా చైనా లిపిలో అచ్చు వేసిన చీటీ హోటల్లోనే అడిగి తీసుకోండి. ఏ టాక్సీకి చూపించినా గదికి చేరుస్తారు. కొన్ని వందల యువాన్లు చిన్న నోట్లుగా చొక్కా లోపలి జేబులో ఉంచండి. అందరూ ఫోనుతోనే చెల్లిస్తున్నా, నోట్లు తీసుకోనని కొట్టువాళ్ళు అనకూడదని అక్కడి కేంద్ర బ్యాంకు నిబంధన ఉంది. చిల్లర లేదని గొణగవచ్చు, అంతే. మీ కార్డు వీసా లేదా మాస్టర్‌కార్డ్ అయి, విదేశీ చెల్లింపులకు బ్యాంకు అనుమతి ఉంటే దాన్ని అలీపేకు, అంటే అక్కడ ఫోనుతో డబ్బు చెల్లించే యాప్‌కు, జోడించుకోవచ్చు. వీధుల్లో అద్దెకు దొరికే పవర్ బ్యాంకులను నమ్ముకోకండి. వాటిని తీసుకోవడానికీ పనిచేసే ఫోనే కావాలి. ఒకటి సొంతంగా అక్కడే కొనుక్కోండి.

ఇంకొకటి. ‘రెండు రాత్రులు ఇంటి నుంచి ఒక్క కబురూ రాలేదు, తెల్లారి ఇరవై మెసేజీలు ఒక్కసారి వచ్చాయి’ అని రాశారు. మీ ఆవిడ అలిగిందేమోనని అనుకున్నారు కూడా. హోటల్ వైఫైలో వాట్సాప్ పనిచేయదు, చైనాలో దానికి అడ్డుకట్ట ఉంది. మన సిమ్ము రోమింగ్ మీద నడిచేటప్పుడు మాత్రం ఆ డేటా మన దేశపు నెట్‌వర్కు ద్వారా వెళ్తుంది కాబట్టి సాధారణంగా పనిచేస్తుంది. ఇంటికి మాట్లాడే వేళ వైఫై ఆపేయండి. ఆ రెండు రాత్రుల బాధకు కారణం ఆ తీగలేని తీగ ఒక్కటే.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. వచ్చేయాలా?

దానికి జవాబు మీ ఉత్తరంలోనే ఒక మూల ఉంది, మీరు గమనించకుండా రాశారు. పదహారేళ్ళ వయసులో పల్నాడు నుంచి గుంటూరు వచ్చినప్పుడు కొట్టులో టిక్కీల మీదే పడుకున్నానని, ఘాటుకు రాత్రంతా దగ్గు ఆగేది కాదని, యార్డు గేటు దాటి చుట్టుగుంట సెంటర్‌కు వెళ్ళాలన్నా భయంగా ఉండేదని రాశారు. తర్వాత ఒక నెలకు అక్కడి టీ బండి ఆయన మిమ్మల్ని పేరు పెట్టి పిలిచాడు. ‘ఆ రోజు నుంచి గుంటూరు నా ఊరైంది’ అన్నారు. బ్రాడీపేట లైన్లు, అడ్డరోడ్లు, పట్నంబజారు, అరండల్‌పేట అన్నీ ఆ తర్వాత వచ్చి చేరినవే. ముందు ఒక్క టీ బండి.

నాకూ అలాంటిదే గుర్తుంది. పెళ్ళయి విజయవాడ వచ్చిన కొత్తలో నాకు ఎటు చూసినా కాలవే కనిపించేది. ఏది బందరు కాలవో, ఏది ఏలూరు కాలవో, ఏది రైవస్ కాలవో తెలియక, ఇంటికి వెళ్ళబోయి ఎదురు దిక్కుకు నడిచిన రోజులున్నాయి. బీసెంట్ రోడ్డులో గాజులమ్మే ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని తేరుకునేదాన్ని. ఊరు ఆవిడ దగ్గర మొదలై మెల్లగా చుట్టూ పెరిగింది. ఇప్పటికీ విజయవాడ నా మనసులో ఆ గాజుల బుట్ట దగ్గరి నుంచే కొలతకు వస్తుంది.

మీరు చింగ్‌దావ్‌ను పట్టుకోవడానికి సముద్రం దగ్గర మొదలుపెట్టారు. అది చాలా పెద్ద మొదలు. 1898లో జర్మన్లు కౌలుకు పట్టి కట్టుకున్న రేవు నగరం అది, తర్వాత జపాన్ చేతికి వెళ్ళింది, ఆ గొడవ మీదే 1919లో చైనా విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. చూడవలసిన ఊరే, కాదనను. కానీ చూడడం వేరు, నిలదొక్కుకోవడం వేరు. నిలదొక్కుకోవడానికి మీకు కావలసింది హోటల్ నుంచి కాలినడకన ఐదు నిమిషాల దూరంలో ఒక్క కొట్టు. రోజూ అదే వేళకు, అదే కొట్టుకు. మొదటి రోజు వేలితో చూపిస్తారు. నాలుగో రోజు వాళ్ళే తీసి ఇస్తారు. పదో రోజు, మీరు రాకపోతే ఎందుకు రాలేదా అని ఎదురుచూస్తారు.

పొద్దుటి కొట్టు అయితే మంచిది. ఆ ప్రాంతంలో పొద్దున ఆవిరి మీద ఉడికిన గోధుమ రొట్టెలు అమ్ముతారు, మాంతో అంటారు. లోపల ఏమీ ఉండదు, చప్పటి పిండి, కాబట్టి మాంసం అనుమానం లేదు. వేడి సోయా పాలు ఉంటాయి. మరొకటి చెబితే మీరు నమ్మరేమో, షావ్‌మీ జోవ్ అని పసుపుపచ్చగా ఒక జావ పోస్తారు. అది కొర్రల జావ! మీ పల్నాడు ఇంట్లో మీ నాయనమ్మ కాచిన జావే, ఉప్పూ మజ్జిగా లేకుండా. ఒక గిన్నె తాగి చూడండి. మీరు గొడ్డుమాంసం, పందిమాంసం తిననని రాశారు. ‘వో బూ చీ జూరోవ్, న్యూరోవ్’ అనే మాటను అనువాదం చేసే అమ్మాయి చేత చైనా లిపిలో రాయించుకుని చీటీ చూపించండి. టమాటా, గుడ్డు కలిపి వేయించే కూర దాదాపు ప్రతి చోటా దొరుకుతుంది, అన్నంలోకి సరిపోతుంది.

అక్కడి వంటలో కారం తక్కువని వాపోయారు. షాన్‌డాంగ్ రాష్ట్రపు వంట తీరే అంత. కానీ అది వేరుశనగ విస్తారంగా పండే నేల. మీ చుట్టూ గోదాము నిండా తేజ మిరపకాయలున్నాయి. నమూనాగా తీసి పక్కన పెట్టిన వాటిలోంచి ఒక గుప్పెడు, కొట్లో కొన్న వేరుశనగలు ఒక గుప్పెడు. చిన్న విద్యుత్ కుక్కరు, చిన్న రోలు లాంటిది ఏదో ఒకటి దొరికితే మీకు పల్లీ పచ్చడి, వేడి అన్నం ఖాయం. హోటల్ గదిలో వండనివ్వకపోవచ్చు. అప్పుడు వంట సదుపాయమున్న గదికి మారాలి. ఒక జాగ్రత్త. హోటళ్ళు విదేశీయుల వివరాలు తామే పోలీసులకు నమోదు చేస్తాయి. ప్రైవేటు ఇంటికి మారితే 24 గంటల్లోపు మీరే పోలీసు స్టేషనులో నమోదు చేయించుకోవాలి. ఇంటి యజమాని ‘అవసరం లేదు’ అన్నా వినకండి.

విందుల సంగతి. పెద్దలు గ్లాసు ఎత్తి ‘గాన్‌బే’ (గ్లాసు ఖాళీ చేయమని) అంటుంటే కాదనలేక రెండుసార్లు తాగానని, ఆ రాత్రుళ్ళు తల పగిలిపోయిందని రాశారు. బీపీ ఉన్నవారు మీరు. తొలి గ్లాసు ఎత్తక ముందే, అనువాదం చేసే అమ్మాయి నోట చెప్పించండి, డాక్టరు వద్దన్నారని. అది నిజం కూడా. ఆ తర్వాత టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని, పెద్దవారి గ్లాసు అంచు కంటే మీ కప్పు అంచు కాస్త కిందికి ఉంచి తాకించండి. ఆ వంగిన అంచులో ఉన్న మర్యాద వాళ్ళకు అర్థమవుతుంది. మొదటి గ్లాసు తాగి రెండోది వద్దంటేనే చిక్కు వస్తుంది.

ఇప్పుడు ఉండడం, రావడం. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి నాకు.

ఒకటి, ఇప్పుడు నడుస్తున్నట్టే ఐదు వారాలు పళ్ళ బిగువున లాగడం. మీరు ఇదే ఎంచుకున్నారు, ఎంచుకున్నానని తెలియకుండానే. దీన్ని మాత్రం వద్దనే చెబుతాను. ఆరోగ్యం ఒక కారణం. రెండో కారణం మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం: చైనా భాషలో ఉన్న కాగితాల మీద రెండుచోట్ల సంతకం పెట్టానన్నారు. అనువాదకురాలు ‘సరుకు చూసినట్టు రాసి ఉంది’ అన్నదట. ఉండవచ్చు. ఆ అమ్మాయి మంచిదే కావచ్చు. కానీ ఆమెకు జీతమిచ్చేది ధర కోసేవాళ్ళు. నిద్ర లేని మనిషి, త్వరగా గదికి వెళ్ళిపోవాలనుకునే మనిషి, ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడు. యార్డులో మీరు ఎన్నడైనా కాటా చూడకుండా చీటీ ఒప్పుకున్నారా? ఇకపై ప్రతి కాగితాన్నీ ఫోటో తీసి, యజమానికి పంపి, జవాబు వచ్చాకే కలం తీయండి. పాత రెండింటి నకళ్ళు అడిగి తీసుకోండి. అక్కడ సంస్థ ఎర్ర ముద్రకు చాలా విలువ. తేమ కొలిచే యంత్రం అంకె కనబడేలా, టిక్కీ మీది గుర్తు కనబడేలా ఫోటోలు తీసుకోండి. ప్రతి కంటైనరు నుంచీ నమూనా తీసి ఇరువైపులా ముద్ర వేయించండి. పైవరస టిక్కీలే తడిగా ఉంటే అది మన కళ్ళం తేమ కాకపోవచ్చని, కంటైనరు లోపల చెమట పట్టి కారిన నీరు కావచ్చని మీకు నాకంటే బాగా తెలుసు. దాన్ని అక్కడ చెప్పగలిగిన మనిషి మీరొక్కరే. అందుకే పంపారు మిమ్మల్ని.

రెండో దారి, వచ్చేయడం. ఇందులో సిగ్గుపడవలసింది లేదు. మాత్రలు సరిగ్గా వేసుకున్నా, తిండి కుదిరినా, ఇంకో వారానికి నిద్ర రాకపోతే, లేదా డాక్టరు వద్దంటే, వచ్చేయండి. అప్పుడు అది వైద్య నిర్ణయం. కానీ ఈ రోజున్న మనస్థితిలో, ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఏదో సాకుతో వచ్చేస్తే రెండు నష్టాలున్నాయి. ఇంకా దిగని సరుకుకు దిక్కు ఉండదు, ధర మళ్ళీ తెగుతుంది. సాకు చెప్పి వచ్చారు కాబట్టి యజమాని ముందు ఆ సాకును ఏళ్ళ తరబడి మోయాలి. నిజం చెప్పి వస్తే రెండో బరువు ఉండదు.

మూడోది, ఉండే పద్ధతి మార్చమని యజమానిని అడగడం. మీరు దీనికే అన్నిటికంటే ఎక్కువ భయపడుతున్నారు. ‘చెబితే ఎవరో కుర్రవాణ్ణి పంపుతారు, నా స్థానం పోతుంది’ అన్నారు. ఆయన అలా చేయవచ్చు కూడా, చేయరని నేను హామీ ఇవ్వలేను. కానీ కుర్రవాడికి ఫోను తెలుసు, మిరపకాయ తెలియదు. ఇద్దరినీ కొన్నాళ్ళు కలిపి ఉంచితే ఖర్చు పెరుగుతుంది, పని బాగుపడుతుంది. లేదా మన తరఫున జీతమిచ్చి రోజంతా ఉండే వేరే అనువాదకుణ్ణి పెట్టమనండి. ధర కోతతో పోలిస్తే ఆ ఖర్చు ఎంతో మీరే లెక్కకట్టి చెప్పగలరు. లేదా సముద్రం మీద ఉన్న కంటైనర్లు దిగగానే, రెండు నెలలు నిండకపోయినా తిరిగి రావడం. అడిగేటప్పుడు ‘నాకు ఇక్కడ బాగోలేదు’ అని మొదలుపెట్టకండి. ‘చదవలేని కాగితాల మీద సంతకం పెట్టాల్సి వస్తోంది, ఇలా అయితే మన సరుకును కాపాడలేను’ అని మొదలుపెట్టండి. తర్వాత ఆరోగ్యం సంగతి దాచకుండా చెప్పండి. కొడుకు ఫీజుకు సాయం చేసిన మనిషి మీరు మంచం పట్టాలని కోరుకోడు. ఒకవేళ ఆ సాయాన్ని గుర్తుచేసి నోరు మూయిస్తే, ఆ సంగతి కూడా మీకు ఇప్పుడే తెలియడం మంచిది. గుంటూరు వచ్చాక ఏం చేయాలో అప్పుడు ఆలోచించవచ్చు.

మూడింటిలో నా మొగ్గు ఎటో మీకు అర్థమయ్యే ఉంటుంది. అయినా అక్కడ ఉన్నది మీరు, ఆ ఒళ్ళు మీది.

ఈ వయసులో పిరికివాణ్ణి ఎందుకయ్యాను అన్నారే, దాని గురించి ఒక మాట. మీరు ముప్ఫై ఏళ్ళుగా తెలిసినవాడిగా బతికారు. రైతు మీ మొహం చూసి ధర ఊహించుకుంటాడు. ముఠా కూలీలు మీరు చెయ్యెత్తితే ఆగుతారు. అలాంటి మనిషికి ఒక్కసారి రొట్టె ధర అడగడం కూడా రాకపోతే కలిగేది భయం కంటే లోతైనది. నేనెవర్ని అనే దిగ్భ్రమ అది. పదహారేళ్ళ కుర్రవాడికి ఆ కష్టం లేదు, వాడు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. అందుకే మీకు ఆనాటి కంటే ఈనాడు బరువుగా ఉంది. దీనికి పిరికితనం అనే పేరు పెట్టకండి. మీరు ఆ టీ కొట్టులో ఏడ్చారు, ఆ పిల్ల చూసింది, వేడినీళ్ళు ఇచ్చింది. ఆమెకు మీరు యార్డులో పెద్దవారని తెలియదు, అయినా ఇచ్చింది. ఏదో ఒక ఆదివారం, పగటి వేళ, పవర్ బ్యాంకు, చీటీ, నోట్లు జేబులో పెట్టుకుని ఆ కొట్టుకు మళ్ళీ వెళ్ళిరండి.

చివరగా మీ ఆవిడ. అంతా బాగుందని మీరు చెబుతున్నారు, ఆమె వినడం లేదు. వింటే ‘చిక్కిపోయారు’ అని అడగదు. మీరు వీడియో ఆపాక ఆమె ఏమనుకుంటోందో ఆలోచించారా? దాచినదాన్ని మనిషి ఎప్పుడూ ఉన్నదాని కంటే పెద్దగా ఊహిస్తుంది. జబ్బు అనుకుంటుంది, అప్పు అనుకుంటుంది, ఇంకేదో అనుకుంటుంది. గదిలో దీపం వేసి, వీడియో కాల్ చేసి, గడ్డం గీసుకోకపోయినా ఫర్వాలేదు, ఆ ఆదివారం సంగతి మొదటి నుంచి చెప్పండి. ఫోను ఆగడం, చలి, టీ కొట్టు, ఏడవడం, అంతా. ఆమె ఏడుస్తుంది. మీరు వద్దనకండి. తర్వాత పల్లీ పచ్చడికి ఉప్పు, చింతపండు ఎంతో అడగండి.

మీకు రాత్రి పదయితే గుంటూరులో ఏడున్నర. వంట పొయ్యి మీద ఉంటుంది, ఫోను పక్కనే ఉంటుంది. వైఫై ఆపి చేయండి.